సరిదిద్దిన గొంతు

"ప్రయాణికులకు విజ్ఞప్తి! స్నానాల గది ఇప్పుడే ఖాళీ అయినది. కళ్ళద్దాల షాపు యజమానిగారు తమ తువ్వాలుతో సహా వెంటనే బయలుదేరవలసిందిగా కోరుతున్నాము."

"ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం?" అంటూ మామగారు పేపరు మడిచి లేచారు.

వంటింట్లో టీ వడపోస్తున్న కొత్తకోడలు నవ్వు ఆపుకోలేక సగం టీ గట్టు మీద ఒలకబోసింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆమెకి అన్నీ ముద్దుగానే ఉన్నాయి. ఒకే గ్లాసులో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడే రెండు టూత్‌బ్రష్షులు, గుత్తిలో తనకంటూ చేరిన ఒక తాళంచెవి, తల దువ్వుకుంటుంటే వెనక నుంచి ఎవరో ఒకరు దువ్వెన లాక్కుపోవడం. అన్నిటికన్నా ముద్దు ఈ పొద్దుటి ప్రకటన. అత్తగారు రైల్వే స్టేషనులో అనౌన్సరుగా పనిచేసింది. ఊళ్ళో చాలామంది ఆవిడ మొహం చూసి ఎరగరు గానీ ఆవిడ గొంతు విననివాళ్ళు లేరు. చివరికి స్టేషనువాళ్ళు ఆవిడ మాటల్నే ముక్కలు ముక్కలుగా రికార్డు చేసుకుని, మిషనులో పెట్టుకుని, ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. ఆ రోజు నుంచి ఇల్లే ఆవిడ స్టేషను.

"తదుపరి ప్రకటన," అంది అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని. "టీ బండి వంటింటి నుంచి..."

గొంతు టక్కున ఆగిపోయింది. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. ఆవిడ గట్టిగా దగ్గి, ఓ గుక్క వేడినీళ్ళు తాగింది. "దుమ్ము. ఆ కిటికీ మూయమని మీ ఆయనకి ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్!"

కిటికీ మూసే ఉంది. కోడలు అది చూసింది. నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ ఇంట్లో వెనక గది ఒక వింత. గోడలకి పాత పరుపులు, కిటికీకి మందపాటి దుప్పటి, మధ్యలో ఎదురెదురుగా రెండు మైకులు, మూలన బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన మరలు తిప్పే రకరకాల డబ్బాలు. స్టూడియోలో సౌండు ఇంజినీరుగా పనిచేసే భర్త సెలవు దొరికితే అక్కడే ఉంటాడు. చెంచా గ్లాసుకి తగిలిన చప్పుడు రికార్డు చేసి, దాన్ని సాగదీసి సాగదీసి నీళ్ళ అడుగున మోగే గంటలా మార్చేస్తాడు. కుక్కరు విజిలు అతని చేతిలో పడితే ఎక్కడో దూరాన వీచే గాలి అయిపోతుంది. పెళ్ళికి ముందు ఆ గాలిని ఫోనులో వినిపించి "ఇదేంటో చెప్పు పిచ్చుకా" అని అడిగినప్పుడే ఆమె అతనికి పడిపోయింది.

ముగ్గురూ కలిసి పాటలు చేస్తున్నారు. అత్తగారు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాత పాటలు పాడుతుంది. బడిలో పిల్లలకి పాటలు నేర్పే కోడలిది రెండో గొంతు. అత్తగారి స్వరాన్ని పట్టుకుని, దానికి పైమెట్టున పక్కపక్కనే నడుస్తుంది. ఆ రెండు గొంతుల చుట్టూ భర్త తన మిషను శబ్దాలు అల్లుతాడు. వాళ్ళ పద్ధతి ఒకటే: గొంతులు ముందు, మిషను తర్వాత. మొదటి స్వరం ఒక్కటి మిషను అందిస్తుంది, తర్వాత అది నోరు మూసుకుంటుంది. అత్తాకోడళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తూ వట్టి గొంతులతో పాడాలి. అలా చేసిన పాటలు విని ఒక చిన్న హాలువాళ్ళు వచ్చే నెల జనం ముందు పాడమని పిలిచారు కూడా.

పెళ్ళికి ముందే ఆమె అతని దగ్గర ఒక మాట తీసుకుంది. "నా గొంతుని మాత్రం నీ మిషనుతో సరిచెయ్యకు. తప్పు పాడితే తప్పులాగే ఉండనీ."

"ఒట్టు," అన్నాడతను.

ఆ ఆదివారం కొత్తపాట తయారైంది. నలుగురూ పరుపుల గోడకి ఆనుకుని కూర్చుని విన్నారు.

*వాన వెలిసిన వాకిట్లో అడుగులు ఎవ్వరివే,*
*వచ్చినవాళ్ళవో వెళ్ళినవాళ్ళవో చెప్పవే చినుకమ్మా...*

మొదటి వరుస హాయిగా సాగింది. రెండో వరుసలో కోడలి గొంతు పట్టు తప్పినట్టు కిందికి జారింది. అత్తగారి గొంతు పక్కన అది పళ్ళు పులిసినట్టు వినిపించింది.

"అమ్మాయ్, మళ్ళీ అక్కడే జారావు," అంది అత్తగారు.

"అవునత్తయ్యా."

"పోయిన పాటలోనూ అంతే. పెళ్ళయ్యాక నీ ధ్యాస ఎక్కడుంటోందో!"

"కొత్తలో నీ ధ్యాస ఎక్కడుండేదో నాకు బాగా గుర్తుంది. ఆ పిల్లని వదిలెయ్," అన్నారు మామగారు.

అత్తగారు ఆయన మీదకి దిండు విసిరింది. అందరూ నవ్వారు, భర్త తప్ప. అతను తెర మీద నుంచి కళ్ళెత్తలేదు.

ఆ రోజు నుంచి కోడలికి భయం పట్టుకుంది. పాడుతున్నప్పుడు తనకి ఏ తేడా తెలియలేదు. అత్తగారి గొంతూ తన గొంతూ తలుపు గడియ పడ్డట్టు సరిగ్గా కలిశాయనే అనుకుంది. తప్పు పాడి తప్పని తెలిస్తే దిద్దుకోవచ్చు. తప్పు పాడుతూ బాగానే ఉందనుకునే చెవిని ఏం చేసుకోవాలి? బడిలో పిల్లలు పాడుతుంటే "నువ్వు పైకి, నువ్వు కిందికి" అని చెప్పబోయి నోరు మూసుకుంది. జారింది వాళ్ళో తనో తేల్చుకోలేకపోయింది. వచ్చే నెల ఆ హాలులో, అంతమంది ముందు, ఇలాగే జారితే? బతుకుతెరువే పాట అయినవాడి పక్కన శ్రుతి లేని భార్య ఎన్నాళ్ళు ముద్దుగా ఉంటుంది?

"నిజం చెప్పు. నా చెవి పోతోందా?" అని అడిగేసింది ఒక పొద్దున అతని చొక్కా గుండీ పెడుతూ.

"ఛ! నీ చెవికేం కాలేదు."

"మరి ఎందుకలా వినిపిస్తోంది?"

అతను ఆమె వేళ్ళ మధ్య నుంచి గుండీ తీసుకుని తనే పెట్టుకున్నాడు. "బస్సుకి టైమైంది పిచ్చుకా," అని వెళ్ళిపోయాడు. అతను మాట దాటేయడం ఆమెని ఇంకా భయపెట్టింది. ఏదో ఉంది. తనకి చెప్పలేనంత పెద్దదే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అత్తాకోడళ్ళు గిన్నెలు కడిగి తుడుచుకుంటున్నారు. ఎలాగైనా తన తప్పు దొరకబుచ్చుకోవాలని కోడలు ఫోనులో పాట మొదటి స్వరం పెట్టి, వినగానే ఆపేసింది.

"అత్తయ్యా, ఆ వాకిట్లో పాట ఒక్కసారి అందాం. జారగానే నన్ను ఆపండి."

"నీకు భలే పంతమమ్మాయ్," అంటూ అత్తగారు పళ్ళెం తుడుస్తూనే ఎత్తుకుంది. కోడలు పైమెట్టు పట్టుకుంది. పాట చివరిదాకా సాగింది. అత్తగారు ఆపలేదు. ఆపాల్సిన చోటే రాలేదు. రెండు గొంతులూ ఎంత బాగా కలిశాయంటే గట్టు మీది స్టీలు గ్లాసు సన్నగా మోగింది.

"ఇంత బాగా పాడతావు, మైకు ముందు ఏమవుతుందే నీకు?"

కోడలి మొహం వెలిగిపోయింది. చివరి స్వరం ఇంకా గొంతులో ఉండగానే, సరదాకి, తడిచేత్తో ఫోను మీట మళ్ళీ నొక్కింది.

మొదటి స్వరం మోగింది. అది తమకి చాలా పైన ఉంది. ఇద్దరూ కలిసే కిందికి దిగిపోయారు.

ఆ వెలుగు మొహం మీదే ఆరిపోయింది. అత్తగారు పళ్ళేలు సర్దే చప్పుడులో అది వినలేదు. కోడలు మాత్రం తుడుపుగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఎప్పుడూ అత్తగారి గొంతు వెనకే నడుస్తుంది. అత్తగారు దిగితే తనూ దిగుతుంది. రికార్డింగులో తన గొంతు దిగి ఉంది. మరి అత్తగారిది దిగలేదేం? ఎవరు పైకెత్తారు?

సాయంత్రం భర్త చెప్పులు విప్పకముందే అతన్ని వెనక గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది.

"అత్తయ్య గొంతుని సరిచేస్తున్నావా?"

అతను కూలబడిపోయాడు. "కొంచెం. అందరూ చేసేదే కదా."

"ఎప్పటి నుంచి?"

"మన పెళ్ళికి ముందు నుంచి. మొదట్లో ఎక్కడో ఒక చోట, వెంట్రుకవాసి. తర్వాత పాట పాటకీ ఎక్కువ సరిచెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు దాదాపు ప్రతి మాటా." అతను మూలనున్న కంప్యూటరు వైపు చూశాడు. "నీది ముట్టుకోనని ఒట్టు వేశాను. అందుకే అమ్మ పైకెళ్ళింది, నువ్వు కింద మిగిలిపోయావు."

ఇన్నాళ్ళ ఆమె భయం ఎగిరిపోవడానికి ఒక్క క్షణం చాలింది. ఆ ఖాళీలోకి అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. మూసిన కిటికీ, దుమ్మన్న మాట, గుక్క గుక్కకీ వేడినీళ్ళు.

"ఇది వయసు కాదు. వయసైతే ఇంత తొందరగా ఇంత దిగదు. ఆవిడ గొంతులో ఏదో ఉంది."

"అలా అనకు!"

"అననా? నువ్వు అద్దం మీద బొమ్మ గీసి అదే మొహం అని చూపిస్తున్నావు. ఆవిడకి తన గొంతు తను వినే దారే లేకుండా చేశావు."

"ఎలా చెప్పమంటావు?" అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. "స్టేషన్లోంచి పంపేసిన రోజు అమ్మ ఇంటికొచ్చి, 'నా పని మిషను చేస్తుందిట్రా, నేనింక ఎందుకు' అంది. మళ్ళీ నేను వెళ్ళి, అమ్మా, ఈ పాటల్లోనూ సగం మిషనే పాడుతోంది అని చెప్పనా?"

ఆమెకి అతన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ అంతకన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. తలుపు తీసింది.

హాలులో అత్తగారు బట్టలు మడత పెడుతోంది. మామగారు షాపు నుంచి తెచ్చిన కళ్ళద్దాలకి మరలు బిగిస్తున్నారు. కోడలు నిలబడే చెప్పింది. మాటలు తడబడ్డాయి గానీ చెప్పింది.

అత్తగారి చేతిలో మడత జారిపోయింది. "అంటే? జారేది నువ్వు కాదు, నేనంటావు?"

"ఇద్దరం అత్తయ్యా. మీ వెనకే నేను..."

"బావుందమ్మా! తప్పు నీదని చెప్తే, దిద్దుకోవడం చేతకాక నా నెత్తిన రుద్దుతున్నావా? స్టేషన్లో ఇన్నేళ్ళు మాట్లాడాను. ఒక్కనాడు ఒక్క అక్షరం జారలేదు. నిన్నగాక మొన్న వచ్చి నా గొంతుకి వంకలు పెడతావా?"

కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఈ ఇంట్లో తన మీద పడిన మొదటి కోపం ఇది. గుమ్మంలో తల దించుకుని నిలబడ్డ భర్త వైపు తిరిగింది.

"ఏవండీ, మీరు చెప్పండి." అతను కదల్లేదు. "చెప్పండి!" అప్పటికీ కదల్లేదు. "నువ్వు చెప్పరా బాబూ! ఆవిడ నీ తల్లి!"

పెద్దవాళ్ళ ముందు భర్తని ఎన్నడూ 'మీరు' తప్ప అనని పిల్ల అలా అరిచేసరికి మామగారు స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు. భర్త లోపలికి వెళ్ళి, కంప్యూటరు తెచ్చి, ఆవిడ ముందు పెట్టి మీట నొక్కాడు.

ఏ మెరుగూ పెట్టని గొంతు గదిలోకి వచ్చింది. అంచులు చిరిగిన గుడ్డలా ఉంది. మాటకీ మాటకీ మధ్య గాలి ఎక్కువ, నాదం తక్కువ. 'వెళ్ళినవాళ్ళవో' దగ్గర ఒక క్షణం పూర్తిగా మాయమై, మళ్ళీ తేలి, ఇంకా కిందికి జారింది. దాని పక్కనే కోడలి గొంతు, వదలకుండా, అదే మెట్టు మీద దిగుతూ.

పాట ఆగింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"నన్ను మేడ మీద నుంచి పిలవడం మానేసింది," అన్నారు మామగారు, ఎవరితోనో అన్నట్టు. "ఏం కావాలన్నా దగ్గరికొచ్చి భుజం తడుతోంది. ఇన్నాళ్ళకి నా మీద ప్రేమ పుట్టిందనుకున్నాను. వెర్రివాణ్ణి. మురిసిపోయాను కూడా."

అత్తగారు ఆయన వైపు చూసింది. ఆ తర్వాత కొడుకుతో "ఇంకోసారి వెయ్యి," అంది.

రెండోసారి కళ్ళు మూసుకుని విన్నది. అది తన గొంతని కాకుండా, ఎవరో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల గొంతన్నట్టు విన్నది. అంతా విని నెమ్మదిగా అంది:

"నా కింద పనిచేసే పిల్ల ఎవరైనా ఈ గొంతుతో మైకు ముందుకొచ్చి ఉంటే, అప్పటికప్పుడు సెలవు రాసిచ్చి డాక్టరు దగ్గరికి పంపేదాన్ని." మెడ తడుముకుని, "మింగుతుంటే నొప్పి. చాలా రోజులైంది. రికార్డింగులో బాగానే వస్తోంది కదా, ఏమీ లేదులే అనుకున్నాను," అంది.

ఆ మాటకి కొడుకు నేల మీద కూర్చుండిపోయాడు. తను ప్రేమతో దాచింది ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఊరుకోరా మిషన్‌గాడా," అంది ఆవిడ, అతని జుట్టులో వేళ్ళు పెట్టి. రెండో చెయ్యి చాపి కోడల్ని దగ్గరికి లాక్కుంది.

గొంతు డాక్టరు గదిలో గోడకి ఒక తెర ఉంది. సన్నటి గొట్టం లోపలికి వెళ్ళాక ఆ తెర మీద రెండు తెల్లటి తీగలు కనిపించాయి. ఇన్నేళ్ళు ఊరంతటినీ రైళ్ళెక్కించినవి అవే. ఒక తీగ అంచున ఎర్రగా, చిన్న బఠాణీలా ఒక గడ్డ ఉంది.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది డాక్టరు. కొడుకు ఏ మెరుగూ పెట్టని పాత పాటలన్నీ వరుసగా వినిపించాడు. ఒక చోట డాక్టరు చెయ్యెత్తి, "ఇదిగో, ఇక్కడ మొదలైంది," అంది. అది పెళ్ళికి ముందు చేసిన పాట.

"తీసేయాలి. తీసి పరీక్షకి పంపాలి. అది వచ్చేదాకా ఏమీ చెప్పలేను. పాత గొంతు తిరిగొస్తుందని కూడా మాటివ్వలేను. అప్పటిదాకా పాట కాదు, మాట కూడా వద్దు."

హాలువాళ్ళకి రాలేమని చెప్పేశారు. ఆపరేషను అయిపోయింది. ఇల్లు మూగబోయింది. పొద్దున్నే స్నానాల గది ఖాళీ అయినా చెప్పేవాళ్ళు లేరు. అత్తగారు చెంచాతో గ్లాసు మీద ఒకసారి కొడితే టీ, రెండుసార్లు కొడితే 'ఇటు రా'. కోడలు పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ, పక్క దులుపుతూ, ఆ గడ్డ గురించే ఆలోచించేది. రెండు టూత్‌బ్రష్షులు చూసినా ఏమీ అనిపించేది కాదు. ఫోను మోగితే నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవాళ్ళు. పాల అతను, షాపు పనివాడు, ఎవరో తప్పు నంబరు. మామగారు షాపుకి వెళ్ళడం మానేసి, శుభ్రంగా ఉన్న కళ్ళద్దాల్నే తుడుస్తూ కూర్చునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం మోగిన ఫోను కోడలే తీసింది. విన్నది. "ఊఁ" అంది. మళ్ళీ "ఊఁ" అంది. అత్తగారు ఆమె మొహం వైపే చూస్తూ గ్లాసు గట్టిగా పట్టుకుంది.

"చెడ్డది కాదట," అంది కోడలు. "అత్తయ్యా, చెడ్డ గడ్డ కాదట!"

గ్లాసు కింద పడి దొర్లింది. భర్త పరుగెత్తుకొచ్చాడు. అత్తగారు నోరు తెరవకుండా, శబ్దం రాకుండా, భుజాలు ఎగరేస్తూ ఏడ్చింది. అంత చప్పుడు లేని ఏడుపు కోడలు ఎన్నడూ చూడలేదు.

మూగనోము ముగిసిన రోజు ముగ్గురూ వెనక గదిలోకి వెళ్ళారు. మెల్లగా మాట్లాడవచ్చని, పాటైతే నోరు తెరవకుండా సన్నగా కూనిరాగం తీయవచ్చని డాక్టరు చెప్పింది, అంతే. కోడలు ఎదురుగా నిలబడింది. ఏం వస్తుందో? అసలు వస్తుందా?

భర్త మిషనులో పాత స్వరం పెట్టాడు. అత్తగారు కళ్ళు మూసుకుంది.

"మ్..."

వచ్చింది. బొంగురుగా, గరుకుగా, ఆ పాత స్వరానికి చాలా కింద ఎక్కడో. ఆవిడ తడుముకుంటూ పైకి ఎక్కబోయింది, ఎక్కలేకపోయింది. కళ్ళు తెరిచి భయంగా కొడుకు వైపు చూసింది. కోడలూ అతని వైపే చూసింది. అతని వేళ్ళు అలవాటు కొద్దీ గొంతుల్ని సరిచేసే మీట దగ్గరికి వెళ్ళాయి. అక్కడే ఆగాయి.

తర్వాత పక్కకి జరిగి, మిషను స్వరాన్ని నెమ్మదిగా కిందికి దించాడు. గాలీ గంటలూ అన్నీ కలిసి మెట్టు మెట్టుగా దిగొచ్చి ఆవిడ గొంతు దగ్గర ఆగాయి.

"నువ్వున్న చోటే ఉండమ్మా," అన్నాడు. "మేమే వస్తున్నాం."

అత్తగారి గొంతు నిలబడింది. కోడలు ఏడుపు దిగమింగుకుని ఆ గరుకు స్వరాన్ని పట్టుకుంది, దాని పైమెట్టున అడుగు పెట్టింది. ఎక్కడా తేడా లేదు. తలుపు గడియ పడ్డట్టు కలిశాయి.

ఆ సాయంత్రం కోడలు టీ వడపోస్తుంటే పక్కగదిలోంచి ఒక కొత్త గొంతు వినిపించింది. పగిలినట్టుంది, అయినా నిలబడింది.

"ఏమండీ!"

హాలులో మామగారు లేవలేదు. అద్దాలు తుడుస్తున్న గుడ్డతో కళ్ళు తుడుచుకుంటున్నారు. టీ గ్లాసుతో వచ్చిన కోడల్ని చూసి, వినపడిందని చెప్పొద్దన్నట్టు నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"వినపడలేదే," అని కేకేశారు. "ఇంకోసారి పిలు!"